గవాక్షి మీది బండ

ఈ పొద్దు నేను మిద్దె ఎక్కినాను. ఉబ్బసం ఉండే కోడలు నిచ్చెన ఎక్కుతాంటే వీధి వీధంతా తలకాయలెత్తి చూసింది.

పోయిన వారం మా ఆయన నన్ను కోడుమూరు నుంచి కర్నూలుకు తోడుకపోయినాడు. కర్నూలు రాజధాని అయినాక వచ్చిన కొత్త డాక్టరు నా ఛాతీ చూసి, "ఇది మొత్తానికి పోయే జబ్బు కాదమ్మా, అదుపులో పెట్టుకోవాల్సిందే. మాత్రలు వేసుకో, పొగకు దూరంగా ఉండు" అన్నాడు. మాత్రలు సరే. పొద్దుమానం పొయ్యి ముందర కూర్చునేదాన్ని, పొగకు దూరంగా యాడికి పోదును? మా వంటింట్లో పొగ పోయేదానికి ఉండేది మిద్దె కప్పులో బొక్క, ఆ ఒక్క గవాక్షే. పిల్లి దిగుతాదని మా అత్త దాని మీద నాపరాయి బండ వేయించి ఏండ్లయింది.

మెట్టుమెట్టుకూ నిలబడి ఊపిరి తీసుకుంటా ఎక్కి, ఆ బండను పక్కకు జరిపినాను. కింద నుంచి అత్త కేకలు పెట్టింది.

"పిల్లి దూరి పాలు తాగుతాదే!"

"పిల్లి పాలు తాగితే ఒక పూట మజ్జిగ పోతాది అత్తా. నేను ఇంకా పొగ మింగితే పానమే పోతాది."

సాయంత్రం కందికట్టె అంటించి సంగటి కెలికినాను. దగ్గు రాకపోలేదు గానీ, మధ్యలో లేచి బయటికి పరిగెత్తలేదు. దీపం పెట్టే వేళకు చూస్తే, అత్త ఎవరితోనో ఆ బండను కిందికి దింపించి పాలకుండ మీద పెట్టుకొనింది.

మీ ఇంట్లో బండ యాడుండాదో మీరూ ఒకసారి తలకాయెత్తి చూసుకోండి.