గుర్రం మీద మనిషి

ఫిల్మ్ నగర్‌లో హీరో జయచంద్ర సంతాపసభ. ఆయన నటించిన, ఎవరికీ పట్టని చారిత్రక చిత్రంలోని ఫొటోకి దండ వేశారు: గుర్రం మీద, మొహం కప్పిన శిరస్త్రాణంతో మహారాజు. చూడగానే డూపు వీరభద్రానికి ఒళ్లు మండింది. ఆ గుర్రం మీదున్నది తనే. జయచంద్రకి గుర్రమంటే భయం. ఆ సంగతి ఆయనే సెట్లో అందరికీ నవ్వుతూ చెప్పి, వీరభద్రాన్ని పక్కన కూర్చోబెట్టుకుని అన్నం తినేవాడు.

“సార్, గా ఫొటోల ఉన్నది నేను,” అన్నాడు సభ పెట్టిన నిర్మాత త్రినాథరావుతో.

“ఎవరైతే ఏంటయ్యా? మొహం కనపడట్లేదుగా! పువ్వులేసి పక్కకి జరుగు.”

వీరభద్రం గుప్పిట్లో పువ్వులు నలిగిపోయాయి. ఛీ! ఇంతమంది సినిమావాళ్లలో ఆ సినిమా చూసినవాడుగానీ, ఆ సెట్లో ఉన్నవాడుగానీ ఒక్కడూ లేడు. బతికున్న తన నెత్తిన పువ్వులు పడుతూనే ఉన్నాయి. పోయిన మనిషికి మాత్రం ఒక్క రేకూ దక్కలేదు.