పూరీ పోస్టు, బావ ఇంజను

ఇందులో ప్రతి అక్షరమూ నిజం. కళింగపట్నం సముద్రం మీద ఒట్టు. వంశధారలో మొసలి మీద కూర్చుని అవతలి ఒడ్డుకు చేరానని చెప్పుకు తిరిగినవాణ్ణే నేను, కాదనను. ఈసారి మాత్రం నవ్వకండి.

వేసవిలో చేపల వేట నిషేధం రాగానే మా ఊళ్ళో బోట్లన్నీ ఇసకెక్కుతాయి. ఇంజన్లు విప్పి ఇళ్ళల్లో దాచుకుంటారు. మా ఆవిడ అన్నయ్యది రేకుల ఇల్లు, తలుపు తోస్తే ఊడొస్తుంది. నాది స్లాబు, ఇనప తలుపు. అందుకని ప్రతి ఏడూ బావ తన ఇంజనుకు గోనె చుట్టి మా ముందుగదిలో దించేవాడు.

"పిల్లాణ్ణి అప్పగిస్తన్నాను బావా, సూసుకో" అనేవాడు.

ఆ ఏడు నేనూ మా ఆవిడా పూరీ ప్రయాణం పెట్టుకున్నాం. మూడు రోజులే. మూడు రోజులంటే నాకు నామోషీ. 'పది రోజులు! పూరీ, కోణార్క్, చిలికా!' అని ఫోన్లో లోకమంతటికీ కనబడేలా పోస్టు పెట్టాను. పైన కొత్త చొక్కాతో గుమ్మంలో నిలబడిన ఫొటో. నా వెనక గోనె కిందనుంచి ఇంజనుకు నీళ్ళు తోసే ఫ్యాను రెక్క తొంగి చూస్తోంది. నాకు చొక్కా తప్ప మరేమీ కనబడలేదు.

గడప దాటుతుంటే ఎదురింటి ముసలమ్మ అడిగేసింది.

"ఎక్కడికే, మూటలట్టుకుని?"

మా ఆవిడ బ్యాగు కింద పడేసింది. "బయలెల్లినప్పుడు ఎక్కడికని అడుగుతావేటమ్మా! ఇంక ఎల్లినట్టే!"

ముసలమ్మ నాలిక్కరుచుకుంది. మేం లోపలికొచ్చి, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని మళ్ళీ బయల్దేరాం. అప్పటికీ ఆమెకు ఊరి పేరు చెప్పలేదు. ఆమెకు ఫోను లేదు. మా ప్రయాణం తెలియని మనిషి ఊరు మొత్తానికి ఆవిడొక్కతే.

తిరిగొచ్చేసరికి తాళం విరిగి నేలమీద పడుంది. టీవీ ఉంది. బీరువా ముట్టుకోలేదు. ఇంజను లేదు, గోనెసంచి ఉంది. వంటింట్లో ఎవరో ఎండు నెత్తళ్ళ చేపలు వేయించుకు తిని, గిన్నె కడిగి బోర్లించి మరీ వెళ్ళారు. పది రోజుల తీరిక ఇచ్చాను కదా!

బావ వచ్చి గోనెసంచి ఎత్తి చూశాడు, దాని కింద ఇంకా ఏదో ఉన్నట్టు.

"నా ఇంజను నీ ఇంట్లో ఉన్నాదని ఎవుడికి తెల్సు బావా?"

"నానెవుడికీ సెప్పనేదు."

మా ఆవిడ ఫోను తీసి ఆ ఫొటో వాళ్ళన్నయ్య చేతిలో పెట్టింది. ఆయన ఫొటోను వేళ్ళతో పెద్దది చేసి చూశాడు.

"సొక్కా బాగున్నాది" అన్నాడు.

తర్వాత నవ్వి, నా వీపు తట్టి, "పోన్లే బావా, ఇనుపముక్కే కదా, పేణం పోనేదు కదా" అన్నాడు.

నిషేధం ఎత్తేశాక అన్ని బోట్లూ నీళ్ళలోకి దిగాయి, బావది తప్ప. ఆయన ఇప్పుడు ఇంకొకరి బోటులో వల లాగే కూలీ. నేనేమో ఆ పోస్టుకి లైకు కొట్టిన వాళ్ళందరి మొహాలూ చేపల రేవులో వెతుక్కుంటున్నాను. 'హ్యాపీ జర్నీ అన్నా' అని రాసినవాడు ఎదురైతే ముందు వాడి బోటు వెనక తగిలించిన ఇంజను చూస్తాను. పోస్టు ఎప్పుడో తీసేశాను. చూడాల్సినవాడు చూసేశాక తీసేసి ఏం లాభం?

ఒట్టు వేశాను గనక చెప్పేస్తున్నాను. నెత్తళ్ళ వేపుడు నా కల్పన, దొంగలు వంటింటివైపే పోలేదు. బావ నవ్వడం, వీపు తట్టడం కూడా నేను అల్లిందే. చొక్కా బాగుందని చెప్పి, ఫోను తిరిగిచ్చేసి ఆయన మెట్లు దిగిపోయాడు. మళ్ళీ మా గుమ్మం ఎక్కలేదు. చెల్లెల్ని చూడాలనిపిస్తే బజారుకు రమ్మని కబురు పెడతాడు.