గంగమ్మను తరలించిన తాయమ్మ

తాయమ్మ దిమ్మిస ఎత్తితే నేల మాట వినేది. మట్టి పోసి, నీళ్లు చల్లి, పొర మీద పొర గట్టిపడేదాకా ఆ బరువైన దిమ్మెతో కొట్టేది. ధర్మపురి చుట్టుపక్కల ఆమె చెయ్యి పడని పునాది తక్కువ.

యుద్ధం నడుస్తున్న 1943లో బొమ్మిడి స్టేషను పక్కన కిరసనాయిలు నిలవ చేయడానికి ఇనుప ట్యాంకు కట్టారు. దాని కింది మట్టిపని తాయమ్మ మొగుడు సదాశివం ముఠాది. ఆ చోట తూర్పు అంచున పాత బావి ఒకటి ఉండేది. దాన్ని పూడ్చారు కానీ దిమ్మిసతో కొట్టలేదు. బావి అంటే గంగమ్మ. ఆమె నెత్తిన దిమ్మిస వేయడం వాళ్లలో లేదు. పసుపు చల్లి, మట్టి పోసి, పైన చదును చేశారు.

నూనె పోసేముందు పరీక్షకని ట్యాంకును నీళ్లతో నింపారు. తక్కిన నేల నిలబడింది. బావి మీది నేల దిగింది. ట్యాంకు తూర్పుకు ఒరిగి, రివెట్ల దగ్గర నీళ్లు చెమటలా ఊరాయి.

ఓవర్సీరు నరసింహన్ సేలం తెలుగువాడు. "ఏమయ్యా సదాశివం, ఈ మూల ఏమి పోసి పూడ్చినారు, దూదా?"

సదాశివం తల గోక్కున్నాడు. తాయమ్మే చెప్పింది. "ఆడ బావి ఉండె సామీ. గంగమ్మను ఎట్ల కొట్టేది?"

"తవ్వి మళ్లీ దిమ్మిస కొట్టండి. లేకుంటే మూటలు సర్దుకోండి. వేరే ముఠాను పిలుస్తా."

నీళ్లు వదిలేసి, ట్యాంకును జాకీలతో ఎత్తి దుంగల మీద నిలిపారు. ఊట తగిలేదాకా మట్టి తోడారు. దిమ్మిస పట్టమంటే ఒక్కరూ కదల్లేదు.

"నువ్వు కొట్టు మామా, పెద్దవాడివి కదా" అంది తాయమ్మ మొగుడితో.

"నన్నెందుకు చంపుతావే? గంగమ్మతో మాటలన్నీ నీవే కదా!"

తాయమ్మ గుంటలోకి దిగింది. తడి మట్టి చల్లగా వేళ్లను పట్టుకుంది. పిడికెడు తీసి ముంతలో పెట్టుకుని, చేల అవతలి బావిదాకా నడిచి అందులో వదిలింది. "అమ్మా, నీ ఇంటి మీదికి ఇనుము వచ్చింది. ఇంక ఈడ ఉండు."

తిరిగొచ్చి, "ఇప్పుడది ఉత్త మట్టే" అని దిమ్మిస ఎత్తింది. మొదటి దెబ్బకు కళ్లు మూసుకుంది. రెండో దెబ్బకు తెరిచింది. అప్పుడు తక్కిన ఆడవాళ్లూ దిగారు.

గుంట పూడ్చి, ట్యాంకును దించి, మళ్లీ నీళ్లు నింపితే అది ఒరగలేదు. ముఠా అక్కడే ఉండిపోయింది.

తాయమ్మ బతికినన్నాళ్లూ చేల అవతలి బావి నీళ్లే తోడుకుంది. చేద వేసేముందు లోపలికి తొంగి చూసి అడిగేది. "ఈడ బాగుండావా తల్లీ?"