సీడీకెక్కని గొంతు

తొంభైల చివర్లో షాద్‌నగర్ బస్టాండు వెనక నాకొక పాటల రికార్డింగు దుకాణం ఉండేది. పదేళ్లు క్యాసెట్లు నింపి బతికాను. సీడీలొచ్చి గిరాకీ పడిపోతుంటే, ఉన్నదంతా ఊడ్చి ఒక కంప్యూటరు, సీడీ రాసే డ్రైవు కొన్నాను. దాన్ని నడిపే సాఫ్ట్‌వేరు మాత్రం కొనలేదు. హైదరాబాదులో ఒక దోస్తు దొంగ కాపీ ఇచ్చాడు. తేరగా వచ్చిందని మురిసిపోయాను.

ఒకరోజు పక్క పల్లె నుంచి ఒకామె ఏడేళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. బుర్ఖా ముసుగు పైకి తోసుకుని, చేతిరుమాల్లో చుట్టిన క్యాసెట్ బల్ల మీద పెట్టింది. ఆమె భర్త దుబాయిలో మేస్త్రీ పనికి వెళ్లాడు. ఆ రోజుల్లో ఉత్తరం రాయలేనివాళ్లు మాటలన్నీ క్యాసెట్లో చెప్పి, ఊరికొచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేవారు. ఇంట్లోవాళ్లు విని, అదే క్యాసెట్ మీద జవాబు చెప్పి తిప్పి పంపేవారు. అందుకే ఎవరి మాటా మిగిలేది కాదు. ఈ ఒక్కటి మిగిలింది. ఇది ఇల్లు చేరడానికి ముందురోజే అతను పోయాడన్న కబురు చేరింది. అక్కడే మట్టి చేశారు. ఆమెకు ఆ క్యాసెట్ వినే ధైర్యం రాలేదు. అప్పుడు కడుపులో ఉన్న పిల్ల ఇప్పుడు నాయిన గొంతు అడుగుతోందట. ఇద్దరూ కలిసి వింటారట. పాత టేపు తెగిపోతుందేమోనని భయం. తమ్ముడు సౌదీ నుంచి సీడీ ప్లేయర్ తెచ్చాడు కాబట్టి సీడీ చేసిమ్మంది.

ఫికర్ చెయ్యొద్దన్నాను. సీడీ చేతికి వచ్చినంక క్యాసెట్ నువ్వే ఉంచుకో అన్నా, అందామె. పాత క్యాసెట్ దుకాణంలో వదిలిపోవడం మా దగ్గర మామూలే. కానీ ఆమె అన్నది సీడీ చేతికి వచ్చినంక అని. నేను ఆగలేదు. దుబాయి క్యాసెట్లో టేపు మేలు రకం. మాటలు కంప్యూటర్లోకి ఎక్కించిన సాయంత్రమే, దాని మీద సినిమా పాటలు నింపి వేరేవాళ్లకు ఇచ్చేశాను.

ఆ మాటల్ని సాఫ్ట్‌వేరు తన ఫోల్డర్లోనే దాచుకుంది. అదెక్కడ దాచుకుంటే నాకేమిటి అనుకున్నాను.

సీడీ రాయబోతే అది మొండికేసింది. తొంభై తొమ్మిది శాతం దాకా ఎక్కి, అక్కడ ఆగి, పాడైన సీడీని బయటికి తోసేది. వేగం తగ్గించాను. తెర మీద మిగతావన్నీ మూసేశాను. దాని పక్కన అడుగు చప్పుడు కూడా కాకుండా చూశాను. పాడైన సీడీలను ఆటోవాళ్లు తీసుకుపోయి అద్దాలకు వేలాడగట్టుకున్నారు. ఆమె మాత్రం ప్రతి బుధవారం పిల్లతో వచ్చి వట్టి చేతులతో పోయేది. వచ్చే వారం తప్పకుండా అని ప్రతిసారీ అదే ముఖంతో చెప్పాను. ఇప్పుడు తలుచుకుంటే నా ముఖం మీద నాకే ఉమ్మాలనిపిస్తుంది.

చివరికి దోస్తుకు ఫోన్ చేశాను. ఆ సాఫ్ట్‌వేరును తీసేసి కొత్తది ఎక్కించమన్నాడు. తీసేస్తే పోలేదు. పేరు పోయింది కానీ, కంప్యూటరు ఆన్ చేసిన ప్రతిసారీ ఏదో దొరకలేదని తెర మీద గొడవ. మళ్లీ ఫోన్ చేస్తే, దాని ఫోల్డరు మొత్తం తుడిచెయ్, చెత్తబుట్టలోకి కూడా పోనియ్యకు, దాని పేరు ఎక్కడ కనబడితే అక్కడ తీసెయ్ అన్నాడు. నాకు అప్పటికే ఒళ్లు మండి ఉంది. కసితీరా తుడిచాను. కొత్తది ఎక్కించాను. ఏ గొడవా లేకుండా కంప్యూటరు మొదలైంది. పీడ విరగడైందనుకున్నాను.

ఆమె సీడీ రాద్దామని వెతికితే మాటలు లేవు, పాత ఫోల్డరుతోపాటే పోయాయి. కంప్యూటరును హైదరాబాదు మోసుకుపోయాను. పాతది ఉన్న జాగాలోనే కొత్తది కూర్చుంది, ఆ మాటలు ఇక తిరిగి రావన్నారు అక్కడి రిపేరువాళ్లు.

బుధవారం ఆమె వచ్చింది. సీడీ కాలేదని నా ముఖం చూసే కనిపెట్టింది.

"సీడీ కాకుంటే మానె అన్నా. కంప్యూటర్ల ఉన్నది గద. ఒక్కపారి పెట్టు, ఇని పోతం."

అంతా చెప్పాను. క్యాసెట్ అడిగింది. అదీ చెప్పాను. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. పిల్లను నా ముందుకు జరిపింది.

"ఎక్కించేటప్పుడు నువ్వు ఇనుంటవు గద అన్నా. వీళ్ల నాయిన ఏం చెప్పిండో జర ఈ పిల్లకు చెప్పు."

రికార్డింగు దుకాణంలో ఎవరూ వినరు. పొద్దంతా వింటే తల పగిలిపోతుంది. శబ్దం పూర్తిగా తగ్గించి, తెర మీద గీత కదులుతోందో లేదో చూస్తాం, అంతే. ఆ రోజూ అదే చేశాను. ఆయన అరగంట మాట్లాడాడు. నేను పక్కనే కూర్చుని చాయ్ తాగాను.

పిల్ల నా నోటివైపే చూస్తోంది.

"నేను ఇనలేదు బిడ్డా," అన్నాను.