హైమవతి గచ్చు, జోగమ్మ ముక్కు

హైమవతి నెగ్గిన తగువు జోగమ్మ కళ్ళారా చూసింది. చూసిన పాపానికి ఆ పూట ఆవిడకి అన్నం సయించలేదు.

భిలాయి టౌన్‌షిప్‌లో, మరోదా సెక్టార్‌లో వాళ్ళది రెండంతస్తుల బ్లాకు. కింద ఎదురెదురు గుమ్మాలు హైమవతివీ జోగమ్మవీ. హైమవతి నెత్తిన, పైవాటాలో, దక్షిణామూర్తి కాపరం. ఆ మహానుభావుడు ఒక ఎండాకాలం పొద్దున టౌన్‌షిప్ ఆఫీసు ఇన్‌స్పెక్టర్‌ని వెంటబెట్టుకొచ్చాడు. ఈవిడ ఇంట్లో రెండు కుక్కలున్నాయి, ఆ కంపుకి పైన మాకు ముద్ద దిగడం లేదు, క్వార్టర్లు కట్టింది మనుషులకా కుక్కలకా అని హిందీలో దండకం చదివాడు.

హైమవతి అరవలేదు. కొంగు నడుముకి దోపి, "అందర్ ఆవో సాబ్" అని ఇన్‌స్పెక్టర్‌ని ముందుగదిలోకి పిలిచి కుర్చీ వేసింది. వంటింట్లోంచి చద్దన్నం గిన్నె తెచ్చింది. కంచం లేదు, విస్తరి లేదు. గది నడుమ, వట్టి గచ్చు మీద, ఆ అన్నం బోర్లించి, పక్కన కూలబడి, ఉల్లిపాయ నంజుకుంటూ కడుపారా తినేసింది. గచ్చుకి అంటుకున్న మెతుకులు కూడా వేలితో ఏరుకు తింది.

"చలో సాబ్, అబ్ ఊపర్ చలో" అని ఇన్‌స్పెక్టర్‌ని పైకి రమ్మంటూ లేచి, దక్షిణామూర్తి వైపు తిరిగింది. "ఏటి బాబూ, మీ ఇంట్లో కుక్కల్లేవు గదా. మీ గచ్చు మీద మీరూ రెండు ముద్దలు తినండి, సూసొస్తాం. తిన్నాక నా కుక్కల్ని తోలీండి."

మెట్ల మీద తొంగిచూస్తున్న దక్షిణామూర్తి పెళ్ళాం చటుక్కున లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఇన్‌స్పెక్టర్ మీసం చాటున నవ్వుకున్నాడు. పోతూ పోతూ మాత్రం ఒక మాట అన్నాడు. ఇవాళ్టికి సరే గాని, మళ్ళీ ఫిర్యాదు వచ్చి, తన ముక్కుకి కంపు తగిలిందా, కుక్కల్ని బండెక్కించి ఊరవతల వదిలేయిస్తాడట. దక్షిణామూర్తి ఆ మాట ఒక్కటీ మూటగట్టుకుని మేడెక్కాడు.

"ఛీ ఛీ! కడుపులో దేవలేదేటే నీకు?" అంది జోగమ్మ, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని గుమ్మంలోంచే. "ఏటేటో తొక్కొచ్చిన కుక్కలు తిరిగిన గచ్చే అది!"

"తిరిగినాక తుడిసిన గచ్చొదినా" అంది హైమవతి.

ఆ గచ్చు మీద ఒక్క వెంట్రుకైనా కనబడకపోతుందా అని జోగమ్మ చాలాసేపు వెతికింది. కనబడలేదు. దాంతో ఒళ్ళు ఇంకా మండింది.

హైమవతిది బొబ్బిలి దగ్గర పల్లె. మొగుడు తిరుమలరావుది స్టీలు ప్లాంటులో, బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల మీద పని. పిల్లల్లేరు. చాలా ఏళ్ళ కిందట ఒకనాడు డ్యూటీ దిగొస్తూ తిరుమలరావు సైకిల్ స్టాండులో వణుకుతున్న కుక్కపిల్లని టిఫిన్ సంచీలో వేసుకొచ్చాడు. అప్పట్లో హైమవతీ మనిషిలాగే ఛీ అంది, బయట పారేసింది. అది మూడుసార్లు తిరిగొచ్చింది. "సరే, కుక్క ఉండొచ్చు గాని, ఇంట్లో కుక్క ఉన్నట్టు తెలియకూడదు" అని మొగుడికి చెప్పి ఉంచుకుంది. అదే మోతీ. తరవాత కాలూ అనే ఇంకో కుక్క వచ్చి చేరింది.

తెలియకుండా ఉండడానికి హైమవతి పడే పాట్లు జోగమ్మ తన గుమ్మంలో కూర్చుని, ముక్కు మూసుకుని, ఒక్కటీ వదలకుండా చూసేది. గుమ్మం బయట తడిగోనె, లోపల పొడిగోనె. బయట తిరిగొచ్చిన కుక్క తడిగోనె మీద ఆగితే, హైమవతి మొగుడి చిరుగు బనీనుతో నాలుగు కాళ్ళూ, వేళ్ళ సందులూ, పసిబిడ్డకి తుడిచినట్టు తుడిచేది. దువ్వడం పెరట్లోనే, అదీ పేలదువ్వెనతో! మనుషుల నెత్తిన ఆడే దువ్వెన కుక్క వీపున ఆడుతుంటే జోగమ్మకి తన నెత్తి దురద పెట్టేది. దువ్వెనకి చిక్కిన గోమార్లు, నెత్తురు తాగి మినపగింజల్లా ఉబ్బినవి, కాళ్ళాడిస్తూ కిరసనాయిలు డబ్బాలో పడేవి. ఆ వారమంతా జోగమ్మ ఇంట్లో మినప్పప్పు నానలేదు.

పక్కబట్టల మీద బొచ్చు పడితే పాత హవాయి చెప్పు కడిగి దాంతో రాసేది. బొచ్చు ఉండలు చుట్టుకుని వచ్చేది నిజమే. కానీ పడుకునే పక్కకి చెప్పు! గచ్చు గీకడానికి ప్లాంటులో పారేసిన కన్వేయర్ బెల్టు రబ్బరు ముక్కని తిరుమలరావు కర్రకి బిగించిచ్చాడు. ఇక కుక్క ఇంట్లో ఉచ్చ పోస్తే, సిగిడీలోంచి, అదే బొగ్గుల పొయ్యిలోంచి, బూడిద తెచ్చి జల్లి, తడి పీల్చాక అట్టముక్కతో ఎత్తి, ఫినాయిలు నీళ్ళతో తుడిచి, ఆపైన వొంగి ముక్కు గచ్చుకి ఆనించి వాసన చూసేది. ఏ మాత్రం తగిలినా మళ్ళీ బూడిద దగ్గర్నించి మొదలు. అంత పెద్ద మనిషి కుక్క ఉచ్చ పోసిన చోట ముక్కు పెట్టడం చూసి జోగమ్మ ఎన్నిసార్లు వాంతి ఆపుకుందో.

అంత రోత అయితే అటు చూడడం దేనికి అంటే, ఆ బ్లాకులో తన ఊరి మాట మాట్లాడేది హైమవతి ఒక్కతే. వెళ్ళి కబుర్లాడి, ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కునేది.

ఆ ఏడు వానల్లో హైమవతి జ్వరంతో మంచం పట్టి లేచింది. లేచిన కొన్నాళ్ళకి ఎదురింటి గుమ్మంలోంచి కంపు మొదలైంది. పాతబడ్డ ఉచ్చ కంపు, ముక్కులోంచి నెత్తికెక్కేది.

"ఏటే ఈ కంపు?" అంది జోగమ్మ.

"ప్లాంటు గాలొదినా."

భిలాయిలో ఎవరింట్లో ఏం కుళ్ళినా ఆ గాలి మీదకే నెడతారు. గాలి కోక్ ఓవెన్ల వైపు నుంచి తిరిగినప్పుడు కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది మరి. కానీ ఆ రోజు తీగ మీద జోగమ్మ చీర ప్లాంటు వైపే ఎగురుతోంది. తగువు నెగ్గిన పొగరుకి దీనికి బద్ధకం పట్టిందనుకుంది జోగమ్మ. ఆ మాటే మొహం మీద అనేసింది. హైమవతి ఎప్పుడూ లేనిది, రెండు పూటలా గచ్చు కడిగింది. ఫినాయిలు సీసాలకి సీసాలు వొంపింది. అయినా కంపు పోలేదు. దక్షిణామూర్తి మెట్లు దిగుతూ ఆ గుమ్మం ముందు ఆగి, గట్టిగా గాలి పీల్చి, తనలో తాను నవ్వుకుని పోవడం మొదలుపెట్టాడు.

ఒక పొద్దున బ్లాకంతా పాలు మాడిన వాసన. జోగమ్మ గోనె, గచ్చు ఏదీ చూసుకోకుండా హైమవతి వంటింట్లోకి పరిగెత్తింది. పొయ్యి మీద గిన్నె నల్లగా పొగలు కక్కుతోంది. పొయ్యికి వీపు పెట్టి హైమవతి తీరిగ్గా బియ్యంలో రాళ్ళేరుతోంది.

"ఓలమ్మా, పాలు మాడి సస్తన్నాయే!"

హైమవతి తిరిగి చూసి ఉలిక్కిపడి గిన్నె దించింది.

"ఎనకాలే గదే! తెలీనేదేటి?"

"తెలీనేదు." మాడిన గిన్నెలో నీళ్ళు పోస్తూ అంది. "జొరమొచ్చిన కాణ్ణించి ముక్కు సచ్చిపోయిందొదినా. ఇంగువా తెలీదు, ఫినాయిలూ తెలీదు. కంటికి కనిపించింది తుడుస్తన్నాను, అంతే."

"మీ ఆయనకి సెప్పలేపోయావా?"

"ఆయన ముక్కు కోక్ ఓవెన్లు ఏనాడో తినీసినాయి. గులాబీ అయినా గేదె పేడయినా ఒకటే ఆయనకి."

జోగమ్మ ముక్కు మూసుకునే ముందుగదిలోకి నడిచి, కొంగు అడ్డమున్నా కంపు గుప్పున కొట్టే మూలనున్న ఇనప ట్రంకు వైపు చెయ్యి చూపించింది. హైమవతి ట్రంకు లాగింది. వెనక గోడ వారన పచ్చగా అట్ట కట్టిన మరక, దానికి అతుక్కున్న బొచ్చు, చచ్చిన బొద్దింక. ముసలి మోతీ ఎన్నాళ్ళుగానో అక్కడే పోస్తోంది.

హైమవతి ఆ మరక ముందు చతికిలబడిపోయింది. "నేడో రేపో ఆ మూర్తి ఇన్‌స్పెక్టర్ని తెస్తాడు. మోతీకి పళ్ళు కూడా నేవొదినా. బయటొదిలీసినారంటే ఈది కుక్కలు ఒక్క పూట బతకనీవు."

"అయితే నన్నేటి సెయ్యమంటావు? నాను కుక్కల్ని ముట్టను. సంపినా ముట్టను."

"ముట్టొద్దు. తుడవొద్దు. ఈ బ్లాకులో కంపుని కంపని నా మొకం మీద సెప్పీదానివి నువ్వొక్కర్తివే. రోజూ పొద్దుట ఓపాలి రా. మూలమూలకీ వొంగి వాసన సూడు. ఎక్కడ కొడతన్నాదో ఏలెట్టి సూపించు. మిగతాది నా పని."

మోతీ కుంటుకుంటూ వచ్చి తడిమూతితో జోగమ్మ కుచ్చిళ్ళు వాసన చూసింది. ఆవిడ ఎగిరి వెనక్కి గెంతి కొంగు ఇంకా బిగించి పట్టుకుంది.

హైమవతి లేచి బూడిద డబ్బా చంకలో పెట్టుకుంది.

"రేపటి దాకా ఎందుకు, ఇప్పుడే మొదలెట్టీ వొదినా. ముందు ముక్కు మీంచి ఆ కొంగు తియ్యి."