మూడుకు మించితే నట్టు

పటాన్‌చెరులో నట్లు, బోల్టులు అమ్మే సోమేశ్వర్ సేటుకు ఒకటే జబ్బు. ఏ వస్తువైనా మూడుకు మించి ఒకదాని మీద ఒకటి కనిపిస్తే ఆయనకు ఊపిరాడదు.

ఆదివారం మధ్యాహ్నాలు దుకాణం వెనక గోదాములో తెలిసినవాళ్ళను పోగేసి ఆయన యుద్ధాల ఆట నడిపేవాడు. బల్లంత పటం, దాని నిండా ఆరు పలకల గడులు, గడుల్లో అట్ట బిళ్ళలు. ఒక్కో బిళ్ళ ఒక్కో పటాలం. వంతెన దగ్గర పోరు ముదిరితే ఒకే గడిలో పది పటాలాలు దొంతరగా ఎక్కేవి. వెంటనే సేటు లేచి, దొంతరంతా తీసి బోల్టుల ట్రే అరల్లో పరిచి, గడిలో పెద్ద నట్టొకటి పెట్టేవాడు. నట్టు మీద ఏడు అని ఉంటే సైన్యం ఏడో అరలో ఉందని లెక్క. ఇక ఆ నట్టును జరుపుకుంటే చాలు.

ఇంట్లోనూ ఇదే వరస. భార్య అరుణాదేవి ఐదు రొట్టెలు వేస్తే రెండు డబ్బాలోకి పోయి, కంచంలో నట్టు కూర్చునేది. ఒక పెళ్లిలో కుర్చీల దొంతరలు విడదీస్తుంటే టెంటు వాళ్ళు తమ కూలీ అనుకుని ఆయనకు బీడీ కూడా ఇచ్చారు.

ఈ నట్ల గోల, ప్రతి ఆదివారం ఆటకొచ్చే నర్సింహులుకు అస్సలు గిట్టేది కాదు. ప్రెస్ మిషన్ అతని కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు తీసుకున్నాక ఫ్యాక్టరీ అతన్ని గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టింది. ఇంద్రేశంలోని ఇంటికి పోయినా మాట పెగిలేది కాదు. వారం మొత్తంలో బతికున్నాననిపించేది ఆదివారం ఆ మూడు గంటలే. అందులో సగం సేటును ఎగతాళి చేయడానికే సరిపోయేది.

ఆ వానాకాలం ఒక యుద్ధం నాలుగు ఆదివారాలు సాగింది. ఆటలో కొత్తగా చేరిన రాహుల్ అనే ఇంజినీరు, నట్ల వల్ల ఆట నత్తనడక నడుస్తోందని, వాటిని తీసేద్దామని అన్నాడు. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తమంటే, అందరికంటే ముందు లేచింది నర్సింహులు చెయ్యే.

సేటు ఆ చేతినే చూశాడు. "జెర ఆలోచించు, నర్సింహులూ."

"ఆలోచించేదేముంది సేటూ, నీ నట్లతోని పరేషాన్ అయితున్నం."

నట్లు పోయాయి. బిళ్ళలు ఎత్తుగా లేచాయి. నర్సింహులు వంతు వచ్చింది. తన తొమ్మిది పటాలాలనూ ఒక్కసారే ఎత్తబోయాడు. ఉన్న వేళ్ళకు పట్టు చిక్కలేదు. దొంతర పక్క దొంతర మీద పడింది, అది ఇంకోదాని మీద. నాలుగు ఆదివారాల యుద్ధం కుప్పకూలింది.

రేకుల మీద వాన మోగుతోంది. నర్సింహులు చెయ్యి జేబులో దాచుకుని గొడుగు తీసుకున్నాడు. ఇక ఇక్కడికి రాకూడదనుకున్నాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

చాయ్ తెచ్చిన అరుణాదేవి గుమ్మానికి అడ్డం నిలబడింది. "నర్సింహులన్నా, నువ్వు రాకముందు ఈయన ఇరవై బిళ్ళలు పేర్చి చిమ్టాతోని, గదే సన్న పట్టకారుతోని, తీసెటోడు. నువ్వు ఆడిన మొదటి దినం నీ చేతిని సూసిండు. మర్నాడే చిమ్టా దాసిపెట్టి, ఈ నట్లు మొదలువెట్టిండు."

సేటు ఆమెను ఊరుకోమన్నాడు.

నర్సింహులు గొడుగు దించి నట్ల డబ్బా వైపు చూశాడు. "మరి ఇంట్ల రొట్టెలు?" అన్నాడు.

"ఒక్క ఆటలనే చేస్తే నీ చేతి కోసమని నీకు తెల్వదా?" సేటు నేల చూపులు చూశాడు. "అందుకని అన్నిట్ల చేసిన. ఇగ ఇప్పుడు నిజంగనే అలవాటైంది."

తర్వాతి ఆదివారం యుద్ధం మళ్ళీ మొదటి నుంచి మొదలైంది. రాహుల్ ఒక గడిలో నాలుగో బిళ్ళ పెట్టబోతే, మూడే పెట్టాలని అందరికంటే గట్టిగా గదమాయించింది నర్సింహులే. ఆకలి వేళకు అరుణాదేవి రొట్టెలు తెచ్చింది. సేటు ఆట ధ్యాసలో పడి నాలుగు కంచంలో వేసుకున్నాడు. నర్సింహులు ఒకటి తీసి తన కంచంలో వేసుకుని, మూడు వేళ్ళతో ఒక నట్టు తెచ్చి సేటు కంచంలో పెట్టాడు.