గట్టు మన్నుతో లేచిన అరుగులు

మా ఊళ్లో మనిషి గొప్పతనాన్ని ఇంటి అరుగు ఎత్తుతో కొలిచేవారు. పక్కింటాయన అరుగు మోకాలెత్తు లేస్తే ఇవతలాయన నడుమెత్తు లేపేవాడు. మా నాన్నగారు మునసబు గనక మా అరుగు అందరికన్నా ఎత్తు. దాని మెట్లెక్కేసరికే ఆయాసమొచ్చి, వచ్చినవాడు చెప్పుకోవలసిన ఫిర్యాదులో సగం మరిచిపోయేవాడు.

ఇంత మన్ను ఎక్కడిదంటే, గోదావరి గట్టుది. జిగురు మన్ను ఊరిని ఆనుకునే ఉండగా ఇంకెక్కడికో బళ్లు కట్టడమెందుకని పెద్దల వాదన. అలా ఇళ్లు లేస్తున్నకొద్దీ గట్టు కుంగుతూ వచ్చింది. వానలు మొదలవగానే ఆ పెద్దలే ఆ అరుగుల మీద కూర్చుని, ఉప్పెనలూ గాలివానలూ సముద్రం ఒడ్డున చేపలు పట్టుకునేవాళ్లకేగాని మనకెందుకొస్తాయని తాంబూలం నములుతూ తేల్చేసేవారు.

మా మేనత్త భర్త పోయినావిడ. సరిగ్గా గట్టు కిందే ఆమె మట్టిల్లు. ఆమె, ఒక ఆవు, అంతే. తన ఇంటి వెనక తవ్వనివ్వొద్దని నాన్నగారిని ఎన్నోసార్లు బతిమాలింది. ఆయన నవ్వేసి, నీళ్లంటే ఆడవాళ్లకి భయం మామూలేనని చెప్పి, ఆ ఏడు మా పెరటి అరుగుకి కూడా అక్కణ్ణుంచే తట్టలు మోయించారు.

ఆశ్వయుజంలో గాలివాన ఎవరి సెలవూ అడక్కుండా మా ఊరి దాకా వచ్చేసింది. గోదావరి పొంగి, తవ్విన చోటే గట్టు తెగింది. అత్త ఇల్లు కరిగిపోయింది. ఆవుని విప్పుకుని ఎలాగో మా అరుగు చేరిందావిడ. నీళ్లు తీశాక పెద్దలందరూ కూడి, అరుగులు ఇంకాస్త ఎత్తుండాలని తీర్మానించారు. అది తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

తెగిన గట్టుని కూలీల చేత పూడ్పించారు. అత్త మా ఇంట్లో ఉండనని, ఆ పూడ్చిన గట్టు మీదే పాక వేయించుకుంది. మునసబుగారి చెల్లెలు గట్టు మీద కాపురమేంటని ఊరంతా చెవులు కొరుక్కుంది. పరువు పోతోందని నాన్నగారు వెళ్లి, ఇంటికి రమ్మని బతిమాలారు.

"మీ అరుగులకి మీరందరూ ఉన్నారన్నయ్యా. ఈ గట్టుకి ఎవరున్నారు?" అంది అత్త, ఆవుకి గడ్డి వేస్తూ.

మునసబు చెల్లెలి పాక కింద పలుగు దించడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. ఆమె బతికున్నన్నాళ్లూ ఆ గట్టు తరగలేదు. నాన్నగారు మాత్రం ఆ గట్టు దారి మానేసి, పొలానికి చుట్టుదారిన వెళ్లేవారు.